మూడవ జామున లేచినవారు

(ధ్యాన భాగములు: రోమా 12:1; కీర్తన 119:62, 164; మార్కు 14:32–42)



మన సండేస్కూలులో ఒక చిన్నవాడు అడిగిన ప్రశ్న ఈ సంగతి వ్రాయుటకు మమ్మును పురికొల్పినది. ఆ దినము సంఘ చరిత్ర పాఠము జరుగుచుండెను. వెనుకటి కాలమున యూరపు దేశములలో మఠములందు నివసించిన క్రైస్తవ సన్యాసులు చలికాలములో రాత్రి రెండు గంటలకు లేచి, దేవాలయమునకు పోయి కీర్తనలు పాడెడివారని ఉపాధ్యాయుడు చెప్పెను. "ఎందుకు సార్, పగలు పాడితే దేవునికి వినపడదా?" అని ఆ పిల్లవాడడిగెను. తరగతి అంతయు నవ్వెను. ఉపాధ్యాయుడు మా వైపు చూచెను. మేము మా చేతిలోని పుస్తకము వైపు చూచితిమి. ఆ సన్యాసులు ఎప్పుడు లేచిరో, ఏమి తినిరో, ఏ కీర్తన ఏ పూట పాడిరో అంతయు అందులో ఉన్నది గాని, లేచినప్పుడు వారికి ఎట్లుండెనో లేదు.

ఇంటికి పోయిన తరువాత కూడ ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. కాబట్టి శ్రమకాలములో ఒక శుక్రవారము సాయంకాలము మొదలు శనివారము సాయంకాలము వరకు, ఆ సన్యాసులు గడిపిన రీతిగా మన గుడిలో ఒక దినము గడిపి చూతమని సంఘములో ప్రకటించితిమి. దాని ఫలితమును దాచక మీకు చెప్పవలెనని యున్నాము.

మొదట ఆ సన్యాసులెవరో కొంచెము తెలిసికొందము. ఇటలీ దేశములో నర్సియా అను ఊరిలో సుమారు క్రీ.శ. 480లో బెనెడిక్టు అను భక్తుడు పుట్టెను. చదువు కొరకు రోముకు పోయి, అక్కడి నడవడి చూచి విసిగి, సుబియాకో అను చోట ఒక కొండగుహలో మూడేండ్లు ఒంటరిగా ఉండెను. తరువాత సుమారు 529లో మోంటె కసీనో అను కొండమీద మఠము కట్టించెను. కుందుర్పి కొండను, దానిమీది పాడుపడిన కోట గోడలను ప్రతిదినము చూచు మనకు, కొండనెత్తిన ఒక మఠమును ఊహించుకొనుట కష్టము కాదు. అక్కడ ఆయన 73 అధ్యాయములుగల చిన్న నియమావళి వ్రాసెను. దాని మొదటి మాటయే వినుమని చెప్పును. రాజులు మారిరి, రాజ్యములు కూలెను గాని, వెయ్యేండ్లకు పైగా లక్షలాది మంది ఆ చిన్న పుస్తకమును పట్టుకొని లేచిరి, పండుకొనిరి.

కీర్తనకారుడు దినమునకు ఏడు మారులు స్తుతించితిననియు, అర్ధరాత్రి లేచితిననియు చెప్పెను గదా. బెనెడిక్టు ఆ మాటలను అక్షరాల తీసికొని, పగలు ఏడు ప్రార్థన గడియలు, రాత్రి ఒకటి నియమించెను. 150 కీర్తనలును వారములో ఒక మారైనను పూర్తి కావలెను. మిగిలిన కాలము చేతిపని, వేదపఠనము. సోమరితనము ఆత్మకు శత్రువని ఆయన అభిప్రాయము. ఒకని జీవితకాలములో ఎన్నివేల మారులు ఆ కీర్తనలన్నియు నోట తిరిగియుండునో లెక్కవేసి చూడుడు.

ప్రకటన చేసిన ఆదివారమే సంఘ పెద్దలలో ఒకరు మమ్మును వేపచెట్టు క్రిందికి పిలిచెను. "అయ్యగారూ, వేషం గట్టేదానికి మన వీధినాటకాలు చాలవా? యేసుప్రభువు వేషధారుల్ని ఏమన్నాడో మీకు నేను చెప్పల్లా?" అనెను. మాటలో నవ్వు ఉన్నను మనసులో నొప్పి ఉన్నదని కనిపెట్టితిమి. ఆయన చిన్ననాట ఈ సీమలో పేరుమోసిన వేషగాడు. బాప్తిస్మము పొందిననాడు గజ్జెలు విప్పి పెట్టెలో పెట్టిన మనుష్యుడు.

ఆయన ప్రశ్న చిన్నది కాదు. మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు వాడిన గ్రీకు మాటకు నాటకశాలలో వేషము వేయువాడని అర్థము; మన తెలుగు బైబిలులో వేషధారి అని సరిగ్గా పడినది. అయితే ప్రభువు ఎవరిని గద్దించెను? మనుష్యులు చూడవలెనని వీధి మూలలయందు నిలిచినవారిని. దేవుడే తన ప్రవక్తలతో వేయించిన వేషములు కూడ గ్రంథములో ఉన్నవి. యెహెజ్కేలు 390 దినములు ఎడమ ప్రక్కను, 40 దినములు కుడి ప్రక్కను పండుకొనవలసి వచ్చెను. ముట్టడి దినముల రొట్టెవలె తూచి తినవలసి వచ్చెను. యిర్మీయా మెడమీద కాడి మోసెను. యెషయా మూడేండ్లు చెప్పులు లేక నడిచెను. జనులు చూచిరి, నిజమే. కాని వారి చూపుకంటె ముందు ఆ ప్రవక్త ప్రక్క యెముకలకు యెరూషలేము బాధ తెలిసినది. ప్రభువు సహితము వినయమును గూర్చి ఒక ప్రసంగము చేసి ఊరకుండవచ్చును. అట్లు చేయక తువాలు నడుమునకు కట్టుకొనెను. దేహమును నేర్పరిగా చేసికొనుట వేరు, దేహముతో మెప్పు సంపాదించుట వేరు అని చెప్పితిమి. పెద్దాయన వినెను. ఒప్పుకొనెనో లేదో చెప్పలేదు. "నేను వస్తా లే. వచ్చి చూస్తా" అనెను.

మరియొకరు, పింఛను పుచ్చుకొనుచున్న ఉపాధ్యాయుడు, ఇంకొక అడ్డు చెప్పిరి. మార్టిన్ లూథరు 1505లో ఎర్ఫర్టు మఠములో చేరి, తరువాత ఆ బ్రదుకును విడిచి, 1521లో సన్యాస ప్రమాణములను ఖండించుచు పుస్తకము వ్రాసి, 1525లో పెండ్లి చేసికొనెను గదా, ఆయన విడిచినదానిని మనము ఎత్తుకొనుట ఎందుకని. నిజమే, మేల్కొని పుణ్యము కూడబెట్టుకొందమను ఆలోచన మన సువార్తకు విరోధము. కృపకు గడియారము లేదు. అయితే లూథరు విటెన్‌బర్గు విశ్వవిద్యాలయములో బైబిలు ఆచార్యుడుగా మొదట బోధించిన గ్రంథము కీర్తనలే. 1513లో ఆ పని మొదలుపెట్టెను. రాత్రింబగళ్లు మఠములో వల్లించి వల్లించి ఆ కీర్తనలు ఆయన ఊపిరిలోనికి దిగియుండెను. ఆయన ప్రమాణములను విడిచెను గాని కీర్తనలను విడువలేదు.

పైగా ఈ రీతి బ్రదుకు మన దేశమునకు కొత్త కాదు. 18వ శతాబ్దపు తొలి యేండ్లలో పుంగనూరు మొదలగు చోట్ల పనిచేసిన ఫ్రెంచి జెస్యూటు గురువులు కావిబట్టలు కట్టి, మాంసము మాని, ఇక్కడి సన్యాసులవలె జీవించిరి. మన ప్రొటెస్టంటులలో కూడ తమిళనాడులోని తిరుపత్తూరులో 1921లో జేసుదాసను, ఫారెస్టరు పేటను అను ఇద్దరు వైద్యులు క్రిస్తుకుల ఆశ్రమము స్థాపించిరి. లండను మిషను వారి ద్వారా సువార్త వినిన మన అనంతపురపు పల్లెలకు ఆ త్రోవ అంతగా అలవాటు లేదు, అంతే.

పేర్లిచ్చినవారు 19 మంది. శుక్రవారము ప్రొద్దుక్రుంకిన తరువాత వచ్చినవారు 14 మంది. అందులో తొమ్మిదిమంది స్త్రీలు.

నియమావళి ప్రకారము భోజనవేళ ఎవరును మాటలాడరాదు, ఒకరు చదువుచుండవలెను. వండిన కూరలు రెండుండవలెను. ఒకటి సరిపడనివాడు రెండవది తినునని బెనెడిక్టు దయగా వ్రాసెను. మాకు రాగిసంగటి, పప్పు, ఊరిబిండి. ఉప్పు కావలెనన్న చేతితో సైగ చేయవలెను. నిజమైన మఠములలో ఇట్టి సైగలకు పెద్ద పట్టికలే ఉండెడివి. మాకు పట్టిక లేదు గనుక ఒకరు నీళ్లడిగితే మరియొకరు ఊరిబిండి అందించిరి. పిల్లలు నవ్వు ఆపుకొనలేక బయటికి పరుగెత్తిరి. అటు తరువాత గుడి నెమ్మదించెను. ఒక పడుచువాడు మొదటి రాజులు 17వ అధ్యాయము చదువుచుండెను. అది కరువు అధ్యాయము. సారెపతు విధవరాలు రెండు పుల్లలు ఏరుకొనుచున్నదని చదివినప్పుడు, ఆ సాయంకాలమే కంపకట్టెలు ఏరుకొని వచ్చి మాకు సంగటి కెలికిన అమ్మ తలయెత్తి చదువువాని వైపు చూచెను. ఆ అధ్యాయముమీద మేము ఎన్నో మారులు ప్రసంగించితిమి. నోటిలో ముద్ద ఉండగా దానిని వినుట అదే మొదటి సారి.

పండుకొనబోవు ముందు పాడుటకు నియమింపబడినవి 4, 91, 134 కీర్తనలు. 134వది మూడే వచనములు. రాత్రివేళ యెహోవా మందిరములో నిలుచుండువారిని గూర్చినది. అవి పాడి దీపములార్పి, గుడిలోనే మగవారొక వైపు, ఆడవారు గోడకు ఆవలి గదిలో పండుకొంటిమి. సన్యాసులు తొడిగిన బట్టలతోనే, నడుము కట్టుకొనియే పండుకొనవలెను. నిద్రలో గ్రుచ్చుకొనకుండ నడుమునకున్న కత్తి మాత్రము తీసివేయవలెను. మాలో కత్తి ఎవరికిని లేదు గనుక ఫోనులు తీసి బల్లమీద వరుసగా పెట్టిరి. కప్పుకొనుటకు కురుబవారు నేసిన కంబళ్లు. ఆ గొర్రెబొచ్చు మెడకు గరుకుగా తగులుచుండగా, ఉన్ని అంగీలు ధరించి రాతినేలమీద నడిచిన ఆ మనుష్యులు ఒక్కసారిగా మాకు దగ్గరివారుగా తోచిరి. పుస్తకములో వారు బొమ్మలు. కంబడి క్రింద చుట్టములు.

రెండు గంటలకు వేపకొమ్మకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టితిమి. మేము అందరికంటె ముందు లేచితిమని అనుకొంటిమి గాని, స్త్రీలు అప్పటికే లేచి గుడి అరుగుమీద కూర్చుండియుండిరి. ఆశ్చర్యపడి అడుగగా వారిలో ఒక విధవరాలు చెప్పిన మాట ఇది:

"రెండు గంటలకు లేసేది మాకేం కొత్తనా అయ్యగారూ? ఎండాకాలం నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎవరు ముందు బిందె పెడతారో అని ఎన్ని రాత్రులు కొళాయికాడ కూర్చోలేదు!"

మగవారు కూడ తలయూచిరి. రాత్రిపూటనే కరెంటు ఇచ్చిన ఏండ్లలో మోటారు వేయుటకు టార్చిలైటు పట్టుకొని, పాములను తప్పించుకొనుచు చేనికి పోయినవారే అందరును. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే వాన కురియు ఈ జిల్లాలో మూడవ జాము ఎరుగనివారెవరు? ఇంత కాలము మేము బల్ల వెనుకనుండి మేల్కొనుడని బోధించినది మాకంటె ఎక్కువ మేల్కొనినవారికే అని ఆ రాత్రి మాకు సిగ్గు కలిగినది.

నియమావళిలో మాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటి చెప్పెదము. రాత్రి ప్రార్థనలో ప్రతిదినము 95వ కీర్తన పాడవలెను. దానిని బహు మెల్లగా, సాగదీసి పాడవలెనని ఉన్నది. ఎందుకనగా నిద్రమత్తులో వెనుకబడినవాడు అది ముగియులోపల వచ్చి చేరుకొనవచ్చును. ఆ తరువాత వచ్చినవానికి దండన. కాని దండనకు ముందు ఆలస్యమునకు కొంచెము చోటు విడిచిపెట్టిన ఆ ముసలి గురువు మనసు ఎంత మంచిది! మేమును అట్లే మెల్లగా పాడితిమి. మూడవ వచనమునకు పెద్దాయన, ఆరవ వచనమునకు ఇద్దరు పడుచువాండ్రు కన్నులు నులుముకొనుచు వచ్చి వరుసలో నిలిచిరి.

రెండు వరుసలుగా ఎదురెదురు నిలిచి, ఒక వచనము ఈ వైపు, ఒక వచనము ఆ వైపు పాడవలెను. వచనము నడుమ ఊపిరికి ఒక ఆగుడు. చెప్పుట సులువు. మొదటి అరగంట ఒక్కరి ఊపిరి ఒక్కరితో కలియలేదు. పడుచువారు పరుగెత్తిరి, ముసలివారు వెనుకబడిరి. మన కీర్తనలకు తాళము, కంజిర ఉండును గనుక ఒకరినొకరు వినకున్నను పాట సాగిపోవును. ఇక్కడ ప్రక్కవాని ఊపిరి వినక తప్పదు. మూడవ కీర్తనకు కుదిరినది.

చదువురాని ముగ్గురు మాతో ఉండిరి. వారికి ఏమి చేయవలెనో తెలియక మొదట చింతించితిమి. అయితే 1098లో ఫ్రాన్సు దేశములో సీతో అను అడవిచోట మొదలైన సిస్టర్షియను మఠములలో పొలము పనిచేయు సహోదరులలో చాలమంది చదువు రానివారేనని జ్ఞాపకము వచ్చెను. వారు కీర్తనలకు బదులుగా కంఠపాఠముగా వచ్చిన ప్రభువు ప్రార్థనను లెక్కప్రకారము చెప్పుకొనెడివారు. పొలములోనే ఆ గడియ వచ్చిన నాగలి ఆపి అక్కడనే నిలిచి చెప్పుకొనెడివారు. మా ముగ్గురును అట్లే చేసిరి. ఈ సందర్భములో ఒక మాట. ఆనాటి సన్యాసులు గ్రంథమును కంటితో ఊరక చదువక, పెదవులు కదల్చి మెల్లగా పలుకుచు చదివెడివారు. దానికి వారు పెట్టుకొన్న పేరు పశువు నెమరు వేయుట. మొదటి కీర్తనలో దివారాత్రము ధ్యానించుట అనుచోట ఉన్న హెబ్రీ మాటకు కూడ గొణుగుకొనుట అని అర్థమున్నది. మన తెలుగులో మాత్రము తలచుకొనుటను నెమరు వేసికొనుట అని ఎవరును నేర్పకయే అనుచున్నాము. రాత్రి దొడ్డిలో మేకలు నెమరు వేయు చప్పుడు వినినవారికి ఈ పాఠము ఎవరు చెప్పవలెను?

ఇక మా బలహీనత కూడ చెప్పవలెను గదా. నాలుగవ కీర్తన నడుమ మేమే కునికితిమి. మా వంతు వచనము వచ్చినది, నోరు పెగలలేదు. ఎదుటి వరుసవారు ఆగిరి. ఆ నిశ్శబ్దమునకు మెలకువ వచ్చి చూచితిమి: అందరును మా ముఖమే చూచుచుండిరి, ఒక్కరును నవ్వలేదు. గెత్సేమనేలో పేతురు ఎందుకు నిద్రించెనని ఇన్నేండ్లు శుభశుక్రవారమునాడు గద్దించుచు వచ్చితిమి. ఆ రాత్రి పేతురు కనురెప్పలెంత బరువుగా ఉండెనో మా కనురెప్పలకే తెలిసినది. ప్రభువు మూడు మారులు వచ్చి చూచెను, గద్దించెను. అయినను ఆత్మ సిద్ధమేగాని శరీరము బలహీనమన్న భావముగల మాటను ఆయనే వారి పక్షముగా పలికెను. తన దేహము చెమటోడ్చుచున్న గడియలో వారి దేహములను అర్థము చేసికొనెను. అది గద్దింపని మాత్రమే ఇంతకాలము చదివితిమి.

ప్రార్థన ముగిసిన తరువాత మొదటి ప్రశ్నను ఆ విధవరాలి ముందే పెట్టితిమి. నీళ్ల కొరకు లేచుట నీకు అలవాటే గదమ్మా, ఇప్పుడు లేచుట ఎట్లున్నదని. ఆమె కొంతసేపు ఆలోచించి చెప్పెను: "నీళ్లకు లేసినప్పుడు బిందె నిండిందా లేదా అనేదే యావ అయ్యగారూ. ఈ పొద్దు నింపేది ఏమీ లేదు. అట్లే నిలబడినా. బలే కొత్తగా ఉండె." చిన్నవాని ప్రశ్నకు మేము పుస్తకములలో వెదకిన జవాబు ఇదియే గావలయును. పగలు పాడిన దేవునికి వినబడును. పగలు మన చేతిలో ఎప్పుడును ఒక బిందె ఉండును.

తెల్లవారిన తరువాత 51వ కీర్తన పాడి పనికి దిగితిమి. గుడి వెనుక వాననీటి గుంత పూడిపోయి చాల కాలమైనది. పలుగులు, పారలు, గంపలు తెచ్చిరి. మఠపు పనిముట్లన్నిటిని బలిపీఠపు పాత్రలవలె చూడవలెనని బెనెడిక్టు భండారపు పెద్దకు ఆజ్ఞాపించెను. ఈ మాట చెప్పగా, ఎప్పుడును పారను విసరివేయు ఒక పడుచువాడు ఆ దినము దానిని గోడకు ఆనించి పెట్టెను. సాయంకాలమునకు మరల విసరివేసెను, అది వేరు సంగతి.

తొమ్మిది గంటలకు, పండ్రెండు గంటలకు, మూడు గంటలకు పని ఆపి గుడిలోనికి పోయి పాడవలెను. ఇది మేము అనుకొన్నదానికంటె కష్టమైనది. మట్టి మెత్తబడి పలుగు చక్కగా దిగుచున్న గడియలోనే పట్టా మ్రోగును. సగము పనిలో చేయి తీయుట రైతుకు ఎంత కష్టమో! "ఇంకొక రెండు గంపలు అయ్యగారూ" అని బ్రతిమాలిరి. మేమును బ్రతిమాలవలెననియే యుంటిమి. పండ్రెండు గంటల ఎండకు ముగ్గురు ఇంటికి పోయిరి, వారిని ఆపలేదు.

అప్పుడే బల్లమీది ఫోనులలో ఒకటి మ్రోగెను. ఒక తల్లికి బెంగుళూరులో కట్టడపు పనికి పోయిన కొడుకు చేసిన ఫోను. ఆమె లేవలేదు, మౌనము పాటించుచు మా వైపు చూచెను. ఏమి చేయుదుము? అతిథిని క్రీస్తునే చేర్చుకొన్నట్టు చేర్చుకొనవలెననియు, అతిథి వచ్చిన యెడల మఠపు పెద్ద తన ఉపవాసమునైనను విరమించవచ్చుననియు నియమావళిలో ఉన్నది. వేరుశనగ పోయిన ఏడు ఊరు విడిచిన బిడ్డకంటె అతిథి ఎవడు? తీయుమని సైగ చేసితిమి. ఆమె పావుగంట మాటలాడెను. మేము కీర్తన ఆపి కూర్చుంటిమి. సన్యాసులైతే ఏమనెడివారో గాని, ఆ పావుగంట ప్రార్థనలో చేరినదనియే మా అభిప్రాయము.

సాయంకాలము జరిగినదానిని గూర్చి వ్రాయవలెనా వద్దా అని చాల ఆలోచించితిమి. వారిద్దరి అనుమతి తీసికొనియే వ్రాయుచున్నాము. నియమావళిలో వంటపని వారమునకొక వంతు. శనివారమునాడు పని ముగించువాడును, కొత్తగా ఎత్తుకొనువాడును కలిసి అందరి పాదములు కడుగవలెను. మేము ముందుగా చీట్లు వేసి వంతులు నిర్ణయించితిమి. ముగించువాని చీటి అన్నకు, ఎత్తుకొనువాని చీటి తమ్మునికి వచ్చెను. చీటి చదివినప్పుడే గుడిలో గాలి నిలిచిపోయినట్లాయెను. తమ్ముడు తన చేనిలో బోరు వేసిన తరువాత అన్న బోరు ఎండిపోయినది. నాలుగేండ్లుగా ఇద్దరికి మాటలు లేవు. ప్రభువు బల్లకు కూడ ఒకరు వచ్చిన ఆదివారము మరియొకరు రారు. మేము వారి ఇండ్ల చుట్టు ఎన్నో మారులు తిరిగితిమి, ఎన్నో వాక్యములు చూపితిమి.

చీటి మార్చుదమా అని పెద్దాయన చెవిలో అడిగెను. వద్దంటిమి గాని మా గుండె కొట్టుకొనుచుండెను. ఒకరు చెంబుతో పోయవలెను, ఒకరు కడిగి తుడువవలెను. నీళ్లు ఒక బిందెడే ఉన్నవి. దినమంతయు మట్టిలో పనిచేసిన పాదములు పదునొకండు జతలు. అన్న క్రింద కూర్చుండెను. తమ్ముడు చెంబు పట్టెను. మొదటి ఇద్దరి పాదములు మౌనముగానే కడిగిరి. మూడవవారి యొద్ద తమ్ముని చేయి వణకి నీళ్లు ఎక్కువ పోసెను. అన్న తలయెత్తకయే, "తక్కువ పొయ్యి, చాలవు" అనెను.

నాలుగేండ్లకు వారి మధ్య పుట్టిన మొదటి మాట అది. ఎర్రనేల నీళ్లు పళ్లెములో చిక్కబడుచుండగా వరుస చివరివరకు పోయిరి. చివర ఇద్దరును మిగిలిరి. అన్న కూర్చున్నచోటనే పాదములు చాచెను. తమ్ముడు చెంబు క్రింద పెట్టి కడిగెను. తరువాత తమ్ముని పాదములకు బిందె అడుగున అరచెంబు నీళ్లే మిగిలెను. బోరు తగవు ఇంకను తీరలేదు. దానికి కొలతలు, కాగితములు, సాక్షులు ఉన్నవి. కాని ఇప్పుడు ఇద్దరును ఒకే ఆదివారము బల్లయొద్దకు వచ్చుచున్నారు, ఒకరి తరువాత ఒకరు, నడుమ ఒక మనిషి ఎడముతో.

ఈ దినము గడిపిన తరువాత మా వేషగాడైన పెద్దాయన మా యొద్దకు వచ్చి, ఆ సన్యాసులు నాటకము ఆడినట్లు ఎక్కడైనను ఉన్నదా అని అడిగెను. ఉన్నది. ఇంగ్లండులో సుమారు 970 ప్రాంతమున వించెస్టరు బిషపు ఎథెల్‌వోల్డు మఠములన్నిటికి కూర్చిన ఆచారగ్రంథములో, పునరుత్థాన దినపు రాత్రి ప్రార్థన నడుమ చేయవలసినది వివరముగా వ్రాయబడినది. ఒక సహోదరుడు తెల్లని అంగీ తొడుగుకొని, ఎవరికిని తెలియకుండ పోయి సమాధియొద్ద ఖర్జూరపు మట్ట పట్టుకొని కూర్చుండవలెను. మరి ముగ్గురు ధూపార్తులు పట్టుకొని, ఏదో వెదకువారివలె అడుగులో అడుగు వేయుచు రావలెను. వారు స్త్రీలు, అతడు దూత. ఎవరి కొరకు వచ్చితిరని అతడు పాడి అడుగవలెను. చివరకు వారు ఖాళీ నారబట్టను ఎత్తి అందరికి చూపవలెను. అప్పుడు గంటలన్నియు మ్రోగవలెను. అదే గ్రంథములో, శుభశుక్రవారమునాడు సిలువను బట్టలో చుట్టి సమాధి చేయు ఆచారము చదువురాని జనుల విశ్వాసము బలపడుట కొరకని చెప్పబడినది. యూరపు నాటకచరిత్ర వ్రాయువారు తరచుగా ఇక్కడనుండియే మొదలుపెట్టుదురు. పెద్దాయన ఇది విని చాలసేపు ఊరకుండి, "అడుగులో అడుగు... అది కష్టం అయ్యగారూ. పరుగెత్తేది ఎవడైనా చేస్తాడు" అనెను. తానే నేర్పెదననెను.

ఈస్టరునాడు తెల్లవారకముందు మనము ఎప్పటివలె సమాధుల తోటకు పాడుకొనుచు పోతిమి. ఈ మారు అక్కడ ముగ్గురు స్త్రీలు ముందుగా నడిచిరి. మన యొద్ద వేషము కట్టుటకు మగవారు అక్కరలేదు. వారిలో ఒకరు ఆ విధవరాలు. ధూపార్తికి బదులు సాంబ్రాణి వేసిన మట్టిమూకుడు. దూతగా తెల్లచొక్కా తొడిగి, ఈతమట్ట పట్టుకొని ఒక సమాధి ప్రక్కను కూర్చున్నవాడు సండేస్కూలులో ప్రశ్న అడిగిన ఆ చిన్నవాడే. పెద్దాయన నేర్పినట్లు ఆ ముగ్గురును మెల్లగా, చీకటిలో వెదకుచు వచ్చిరి. నడుమ ఆ విధవరాలు నేర్పని పని ఒకటి చేసెను: ప్రక్కకు తిరిగి, రాయి లేని, గులకరాళ్ల కుప్ప మాత్రమే ఉన్న తన భర్త సమాధియొద్ద ఒక క్షణము నిలిచి, మరల వరుసలోనికి వచ్చెను. మిగిలిన ఇద్దరును ఆమె కొరకు ఆగిరి.

చిన్నవాని ఎదుటికి వచ్చి నిలిచిరి. అతడు ఆమె ముఖము చూచి, అడుగవలసిన మాట మరచిపోయెను. తోటలో ఎవరును కదలలేదు. సాంబ్రాణి పొగ తూర్పువైపునకు పోవుచుండెను. కొంతసేపటికి ఆమెయే వంగి, నెమ్మదిగా, "అడుగు నాయనా, అడుగు" అనెను.

అతడడిగెను.